మోషే గారి చెవి

పోయిన మంగళవారం పొద్దున్న కరుణక్క ఫోన్ చేసింది. "సుగుణా, మీ బావగారు వెళ్ళిపోయారే" అంది.  అప్పుడు నేను పొయ్యి మీద పాలు పెట్టి ఉన్నాను. పాలు దించి, పొయ్యి కట్టేసి, కుర్చీలో కూర్చున్నాను. ఇలాంటి వ్యాసాల్లో పిడుగులాంటి వార్త అని రాస్తారు. నాకలా అనిపించలేదు. ఎనిమిది నెలలుగా బందరు నుంచి విజయవాడ ఆసుపత్రికీ, అక్కడి నుంచి బందరుకీ తిరుగుతూనే ఉన్నాం. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నాయని డాక్టర్లు మొదట్లోనే చెప్పారు. అందుకే ఏడుపు కంటే ముందు అలసట వచ్చింది. ఇక బస్సు టైము చూసుకోవాల్సిన పని లేదన్న ఆలోచన వచ్చింది. ఆ ఆలోచన వచ్చినందుకు సిగ్గేసింది. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

భూస్థాపన రోజున చాలామంది మాట్లాడారు. "ఇంజన్ పక్కన నిలబడి వింటే చాలు, ఆయన చెవి ఒక్కనాడూ తప్పలేదు" అని ముగ్గురు నలుగురు అన్నారు. ప్రేమతో అన్న మాటే. కానీ అది నిజం కాదు. తప్పిందని ఆయనే మన గుడిలో, ఆదివారం ఆరాధనలో నిలబడి సాక్ష్యం చెప్పారు. ఆ ఆదివారం విన్నవాళ్ళు కూడా సమాధి దగ్గర ఆ సంగతి మర్చిపోయారు. పోయినవాళ్ళని పొగిడే తొందరలో, వాళ్ళు బతికుండగా కష్టపడి చెప్పిన మాటని మనమే తుడిచేస్తాం. జ్ఞాపకార్థ కూడికలో పంచే పుస్తకానికి ఏదైనా రాయమని అక్క అడిగినప్పుడు ఒప్పుకున్నది అందుకే. ఇంకో కారణం కూడా ఉంది. ఆ రోజు సాక్ష్యంలో ఆయన చెప్పకుండా విడిచిపెట్టిన సంగతి ఒకటుంది. అది నాది. చెప్పాల్సింది నేనే.

ఆయన్ని ఎరగనివాళ్ళ కోసం కొంచెం చెప్తాను. మోషే గారు మా అక్క భర్త, కార్ల మెకానిక్కు. పుట్టింది దివిసీమలో, కోడూరు దగ్గర ఒక పల్లెలో. పదో తరగతితో చదువు ఆపేసి గిలకలదిండి హార్బర్లో మరబోట్ల ఇంజన్ల పనిలో చేరారు. డీజిలు ఇంజన్ పుట్టుకతోనే గోల. ఆ గోల మధ్యలో ఏ చప్పుడు ఉండాల్సింది, ఏది ఉండకూడనిది అని వేరు చేయడం అక్కడే నేర్చుకున్నానని చెప్పేవారు. తర్వాత కార్ల పనికి మారి, గిలకలదిండి వెళ్ళే రోడ్డులోనే రేకుల షెడ్డు వేసుకున్నారు. బక్కపల్చటి మనిషి. ఎప్పుడూ ఖాకీ చొక్కా. కార్లని "ఈయన" అనేవారు. "ఈయనకి ఒంట్లో బాలేదండీ, రెండ్రోజులు ఇక్కడ పడుకోనివ్వండి" అంటే బండి రెండ్రోజులు షెడ్డులో ఉండాలని అర్థం. కొత్తగా వచ్చినవాళ్ళు ఎవరి గురించో అనుకుని చుట్టూ చూసేవారు.

నేను బందరు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో అక్కావాళ్ళింట్లోనే ఉండేదాన్ని. ఆ రోజుల్లో స్కూటర్లవాళ్ళకి ఒక పిచ్చి ఉండేది. బట్టల పెట్టెలో వేసే కలరా ఉండలు పెట్రోలు ట్యాంకులో వేస్తే బండి ఉరుకుతుందని. అప్పటి మన పాస్టరు గారు కూడా నాలుగు ఉండలు వేశారు. శీతాకాలం పొద్దున్న ఆ ఉండల పొడి కార్బురేటర్లో పేరుకుని స్కూటరు ఆగిపోయింది. తోసుకుంటూ షెడ్డుకి వచ్చారు.

"అయ్యగారూ, ఇది బండండీ. చీరల పెట్టె కాదు" అన్నారు బావగారు. షెడ్డులో అందరూ నవ్వారు. పాస్టరు గారు కూడా నవ్వారు గానీ చెవులు ఎర్రబడ్డాయి.

సాయంత్రం ఇంట్లో ఈ సంగతి చెప్తే, ఆ పిచ్చిలో కొంచెం నిజం ఉందని నేనన్నాను. ఆయన తింటున్నవారు ఆగిపోయారు. ఎలాగో చెప్పమన్నారు. చెప్పాను. సిలిండర్లో గాలీ పెట్రోలు ఆవిరీ కలిసి ఉంటాయి. పిస్టన్ పైకి వచ్చి వాటిని నొక్కుతుంది. సరైన సమయానికి ప్లగ్గు నిప్పురవ్వ వేస్తే అప్పుడు అంటుకోవాలి. నొక్కుడు ఎక్కువైతే ఆ మిశ్రమం వేడెక్కి, రవ్వతో పని లేకుండా ఒక మూల దానంతటదే అంటుకుంటుంది. లోపల చిన్న సుత్తితో కొట్టినట్టవుతుంది. మెకానిక్కులు నాకింగ్ అనేది దాన్నే. అలా అంటుకోకుండా ఆగగలిగే గుణానికి కొలత ఆక్టేన్. కలరా ఉండల్లోని పదార్థానికి ఆ గుణం కొంత ఉంది.

"అంటే పెట్రోలుకి తొందరగా కోపం రాకుండా ఉండటం. అంతేనా?"

"అంతే బావగారూ."

"మరి అందరూ ఆక్టేన్ ఎక్కువైతే బలం ఎక్కువంటారేంటి?"

"బలం దాన్లో ఉండదు. ఎక్కువ నొక్కినా ఊరుకుంటుంది, అంతే. గట్టిగా నొక్కే ఇంజన్ ఉంటేనే దానివల్ల లాభం. మామూలు బండికి ఎంత పోసినా ఒకటే."

"అదీ నిజమే. మీ అక్కకి కోపం రానంత మాత్రాన నేను వస్తాదునైపోను కదా."

వంటింట్లోంచి అక్క, "నాకు కోపం రాదని ఎవరన్నారు?" అంది.

అన్నం తిన్నాక ఆయన సైకిలు తీసి పాస్టరు గారింటికి వెళ్ళారు. "అయ్యగారూ, పొద్దున్న నేను నవ్వింది సగమే కరెక్టండీ" అని చెప్పి వచ్చారు. ఆయనంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. నవ్వినచోట తప్పుంటే, మళ్ళీ అక్కడికే వెళ్ళి చెప్పే మనిషి. తర్వాత చాలా చదువుకున్నవాళ్ళని చూశాను. వాళ్ళలో ఆ అలవాటు ఉన్నవాళ్ళు తక్కువ.

ఆయన పని చేసే పద్ధతి ఒకటి రాసిపెట్టాలి. నాకింగ్ బండి ఊరికే నిలబెడితే వినపడదు. ఇంజన్ మీద బరువు పడాలి, అంటే ఎత్తు ఎక్కాలి. మన వైపు ఎత్తెక్కడుంది? ఎటు చూసినా వరి, కాలవ, చేపల చెరువు. అందుకని ఆయన బండిని వారధి మీదికి తీసుకెళ్ళేవారు. ముందు పులిగడ్డ దాకా వెళ్ళేవారు. ఉల్లిపాలెం వారధి కట్టాక అదే ఆయనకి పరీక్షల గది అయింది. పెద్ద గేరులో నెమ్మదిగా వచ్చి, ఎత్తు మొదలవగానే యాక్సిలరేటరు అడుగంటా తొక్కేవారు. ముందు ఎడమ సీటు ఖాళీగా ఉండాలి, ఆ అద్దం పూర్తిగా దించాలి, బండి వారధి పిట్టగోడ వారగా పోవాలి. ఇంజన్ లోపల పుట్టిన సన్నటి చప్పుడు గోడకి తగిలి ఆ కిటికీలోంచి లోపలికి వస్తుంది. సొంతదారు వెనక సీట్లో నోరు మూసుకుని కూర్చోవాలి. ఎవరైనా, "ఏంటి మోషే గారూ, ఇంజన్ దగ్గర వినకుండా ఇక్కడ వింటున్నారు?" అంటే, "ఇంజన్ని అడిగితే అన్నీ కలిపి చెప్తుందండీ. గోడైతే ఉన్నదే చెప్తుంది" అనేవారు. గోడ ఏదో అంటే టైమింగ్, అంటే ప్లగ్గు రవ్వ వేసే సమయం, వెనక్కి జరిపేవారు. ఏమీ అనకపోతే, "గోడ ఒప్పుకుంది" అనేవారు. గుడివాడ, ముదినేపల్లి, ఉయ్యూరు నుంచి బండ్లు వచ్చేది ఆ మాట కోసం.

ఒకసారి ఉయ్యూరులో పెళ్ళికి నా చిన్న కారులో వెళ్తున్నాం. ఆయనే నడుపుతున్నారు. బెల్టు పెట్టుకోలేదు. కొత్త కార్లు ఊరుకోవు కదా, టింగు టింగుమని మోగుతోంది. ఆగి మళ్ళీ మోగుతోంది. ఆయన మామూలుగా మాట్లాడుతున్నారు. పామర్రు దగ్గరికి వచ్చేసరికి ఇక ఉండలేక, "బావగారూ, బెల్టు" అన్నాను.

"ఇప్పుడెందుకమ్మా?"

"మోగుతోందిగా."

"ఏది మోగుతోంది?"

స్టీరింగ్ వెనక వెలుగుతున్న ఎర్ర లైటు చూసి, "ఆఁ, అదా" అని బెల్టు పెట్టుకున్నారు.  ఇంటికి వచ్చాక పుస్తకాలు తిరగేశాను. వయసు మీద పడ్డప్పుడు ముందు పోయేది సన్నటి చప్పుళ్ళేనట. మనుషుల మాటలు చాలాకాలం బాగానే వినపడతాయి. నాకింగ్ చప్పుడు ఆ సన్నటి వాటిలో ఒకటి. పుస్తకం మూసి బీరువాలో పెట్టాను. అక్కకి చెప్పలేదు. ఆయనకీ చెప్పలేదు. వారధి మీద ఆయన చెప్పే మాట మీద ఆ షెడ్డు నిలబడి ఉంది. ఆ మాట మీది నమ్మకం నేను తీయడమెందుకు అనుకున్నాను. మర్యాద అనుకున్నాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకి ముదినేపల్లి గోపి వచ్చాడు. అతని తండ్రి చేపల చెరువుల రైతు. ఆయన పాత తెల్ల కారుని బావగారు ఇరవై ఏళ్ళకి పైగా చూశారు. తండ్రి గుండెపోటుతో పోయాక గోపి ఆ కారుని అమ్మలేదు. హైదరాబాదు పంపి, కొత్త పిస్టన్లు వేయించి, సిలిండర్ల మీది హెడ్డు అరగదీయించి, కంప్రెషన్, అంటే లోపలి నొక్కుడు, బాగా పెంచుకొచ్చాడు. చూడ్డానికి నాన్న కారులాగే ఉండాలి, తొక్కితే మాత్రం ఉరకాలి. అదీ అతని కోరిక. వచ్చిన వారానికే మామూలు పెట్రోలుకి ఇంజన్ కొట్టుకోవడం మొదలైంది.

"మీ నాన్నగారు ఈయన్ని అరవై దాటనిచ్చేవారు కాదు బాబూ. నువ్వు తీసుకెళ్ళి గుర్రం గుండె పెట్టించావు. తాగడానికి మాత్రం మజ్జిగే ఇస్తున్నావు" అన్నారు బావగారు.

"టైమింగ్ వెనక్కి జరిపితే లాగట్లేదు మావయ్యా. నాన్న సంవత్సరీకం అయ్యాక అమ్మని ఈ కారులోనే అన్నవరం తీసుకెళ్తానని మొక్కుకున్నా. ఇంకో కారులో వెళ్ళను. ఇదిగోండి, ఈ సీసా చూడండి. ట్యాంకులో పోస్తే ఆక్టేన్ ఐదు పాయింట్లు పెరుగుతుందంట."

సీసా నా చేతికొచ్చింది. చదివాను. మాంగనీసు ఉన్న మందు ఒకటి, అది కరిగే నూనె. అలాంటి సీసాల మీద పాయింటు అంటే ఒకటి కాదు, ఒకటిలో పదో వంతు. ఐదు పాయింట్లంటే అర.

"ఇంత సీసాకి అరా!" అన్నారు బావగారు.

"ఆంటీ, కాలేజీలో కూడా ఇలాగే మార్కులు తగ్గించేవారా మీరు?" అన్నాడు గోపి.

మందు పూర్తిగా పనికిరానిది కాదు. మోతాదు పెంచితే కొంత అడ్డుకుంటుంది. పెంచేకొద్దీ ప్లగ్గుల మూతి మీద ఇటుకపొడి రంగు మసి పేరుకుంటుంది, దాంతో ఇంకో తంటా. "మందు మందే. ఎంత తక్కువతో సరిపోతే అంతే పోద్దాం" అన్నారు బావగారు. ఆ తక్కువ ఎంతో తేల్చడానికి మధ్యాహ్నం వారధికి వెళ్ళాం. కొలజాడీ పట్టుకుని నేను, పక్కన గోపి, వెనక సీట్లో కూర్చున్నాం.

మొదటిసారి పూర్తి మోతాదు. గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. రెండోసారి మందు కొంచెం తగ్గించిన పెట్రోలు. అప్పుడూ ఏమీ లేదు. మూడోసారి సగానికి తగ్గించాం, గోపి బతిమాలితే టైమింగ్ కూడా కాస్త ముందుకు జరిపారు. వారధి ఎత్తు సగం ఎక్కాక గోడ వైపు నుంచి చప్పుడు వచ్చింది. రేకు డబ్బాలో చిన్న గులకరాళ్ళు వేసి ఆడించినట్టు. ఆగింది. పైకి చేరేలోపు మళ్ళీ వచ్చింది. గోపి బండి లాగుతున్న సంతోషంలో ఉన్నాడు, ఆ చప్పుడేమిటో అతనికి తెలియదు.

"గోడ ఒప్పుకుంది. ఇది చాలు" అన్నారు బావగారు.

అని, లోపలి అద్దంలోంచి నా వైపు చూశారు. మామూలు చూపు కాదు. అడిగారు. నేను కిటికీలోంచి కింద కృష్ణానదిని చూస్తూ కూర్చున్నాను.

గోపి ముందు చెప్తే నలభై ఏళ్ళ పేరు పోతుందనుకున్నాను. ఇంటికెళ్ళాక నెమ్మదిగా చెప్దామనుకున్నాను. ఇంట్లో అక్క చేపల పులుసు పెట్టింది, ఆయన హుషారుగా ఉన్నారు. రేపు చెప్దామనుకున్నాను. మర్నాడు గోపి బండి తీసుకుని వెళ్ళిపోయాడు. ఫోన్ చేయవచ్చు. చేయలేదు.

సంవత్సరీకం అయ్యాక గోపి తల్లిని ఎక్కించుకుని బయల్దేరాడు. ఏలూరు దాటాక హైవే మీద ఇంజన్ పెద్ద చప్పుడు చేసి పొగలు కక్కి ఆగిపోయింది. వెనక లారీ వస్తోంది, పక్కకి తప్పుకుంది. ఆ తల్లి పూజ సంచి ఒళ్ళో పెట్టుకుని, ఇంకో కారు వచ్చేదాకా ఎండలో తూము గట్టు మీద కూర్చుంది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. తగలకపోవడం మా గొప్ప కాదు.

కారుని బందరు లాక్కొచ్చారు. షెడ్డు దగ్గర చేరిన వాళ్ళంతా తలా ఒక మాట చెప్పారు. అందరి మాటా చివరికి ఒక్కచోటికే వచ్చింది. బంకులో పెట్రోలు బాగాలేదు, వానాకాలం, నీళ్ళు దిగి ఉంటాయి, ఇప్పటి పెట్రోలులో ఆల్కహాలు కలుపుతున్నారు కదా, అది నీళ్ళతో వెళ్ళిపోతే మిగిలింది ఆక్టేన్ తగ్గిన ఉత్త పెట్రోలే. గోపి నన్నడిగాడు, "అలా అవుతుందా ఆంటీ?"

"అవుతుంది" అన్నాను. రసాయనశాస్త్రం ప్రకారం అది నిజమే. ఆ నిజాన్ని నేను అబద్ధానికి వాడాను.

బావగారు హెడ్డు విప్పారు. ఒక పిస్టన్ అంచు చెదపురుగు తిన్నట్టు తినేసి, మధ్యలో చిల్లు పడి ఉంది. ఆ చిల్లు చుట్టూ వేలితో తడిమారు. తర్వాత అందర్నీ టీ తాగి రమ్మని పంపేశారు. చేతులు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చారు.

"సుగుణమ్మా. ఆ రోజు మూడోసారి గోడ ఏమన్నా అందా?"

"అంది బావగారూ."

"ఎన్నిసార్లు?"

"రెండు."

తల ఊపారు. ఎందుకు చెప్పలేదని అడగలేదు. "నాకూ అనుమానమేనమ్మా. ఈమధ్య ప్రతి బండీ నాకు బాగానే వినపడుతోంది. అన్ని బండ్లూ బాగుండవు కదా" అన్నారు.

అప్పటికప్పుడు టీకొట్టు దగ్గరికి నడిచారు. నేను వెనక నిలబడ్డాను. "గోపీ బాబూ, తప్పు నాది. నా చెవి పోయింది. ఇంజన్ కొట్టుకుంటుంటే నాకు వినపడలేదు, బాగుందని పంపించాను" అన్నారు.

గోపి లేచి నిలబడ్డాడు. "వదిలేయండి మావయ్యా. ఆ బంకోడిదే తప్పు."

"బంకోడు నీకు మాటివ్వలేదు బాబూ. నేనిచ్చాను."

ఆ ఆదివారం గుడిలో సాక్ష్యాల సమయంలో ఆయన లేచారు. సాక్ష్యమంటే మనం జబ్బు తగ్గిందనో, పిల్లలకి ఉద్యోగం వచ్చిందనో చెప్తాం. ఆయన చెప్పింది ఇదీ: "దేవుడు నాకిచ్చిన చెవితో ఇన్నాళ్ళూ బతికాను. అది పోయింది. పోయిందని అనుమానం వచ్చినా ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండా ఒక బండి బాగుందన్నాను. అందులో ఒక తల్లీ కొడుకూ ప్రయాణం చేశారు. వాళ్ళు క్షేమంగా ఉన్నారు, దానికి స్తోత్రం. ఇకనుంచి నా చెవిని నమ్మి ఎవరూ బండి తీసుకురావద్దు."

 ఇప్పటి పాస్టరు గారు వయసులో చిన్నవారు, దగ్గరికి వచ్చి, "మోషే గారి చెవి స్వస్థత కోసం ప్రార్థన చేద్దాం" అన్నారు. "స్వస్థత కోసం కాదండీ, ఇది వయసు. చెప్పాలని చెప్పానంతే" అని కూర్చున్నారు. వెనక సీట్లో కూర్చున్న మనిషికి వినపడిందన్న మాట ఆ సాక్ష్యంలో లేదు. నేను ఆడవాళ్ళ వైపు మూడో వరసలో ఉన్నాను. ఆయన తర్వాత ఇంకో ఇద్దరు సాక్ష్యం చెప్పారు. నేను లేవలేదు.

కొన్ని బండ్లు రావడం మానేశాయి. తోటి మెకానిక్కు ఒకాయన కోప్పడ్డాడు కూడా. "చెవి పోతే పోయింది మోషే గారూ, గుడిలో చెప్పడమెందుకండీ? చెవికి మెషిన్ పెట్టుకుంటే సరిపోయేదిగా."

"మెషిన్ పెట్టుకున్నా, పెట్టుకున్నానని చెప్పాలిగా" అన్నారు ఈయన.

మెషిన్ పెట్టుకున్నారు కూడా. "అన్నీ వినపడుతున్నాయి, మీ అక్కతో సహా. ఇంజనొక్కటే వినపడట్లేదు" అనేవారు.

గోపి కారుని ఆయనే మళ్ళీ కట్టారు. కంప్రెషన్ తగ్గించి, పాతరకం పిస్టన్లే వేశారు. గోపి మొదట ఒప్పుకోలేదు. "మందు పోస్తే తప్ప నడవని ఇంజన్ మీ అమ్మగారి కింద పెట్టను బాబూ" అంటే ఒప్పుకున్నాడు. పరీక్షకి వారధి మీదికి వెళ్ళినప్పుడు బావగారు ఎడమ సీటు తలుపు తీసి, "ఎక్కమ్మా" అన్నారు. ఎప్పుడూ ఖాళీగా ఉంచే సీటు. "వినపడితే వేలెత్తు. నా మొహం చూడకు, గోడ వైపు చూడు." ఎత్తు ఎక్కి దిగాం. ఏమీ వినపడలేదు, వేలెత్తలేదు. ఆయనకి నమ్మకం కుదరక ఇంకో రెండుసార్లు ఎక్కించారు. ఆ తర్వాత తల్లీ కొడుకూ అన్నవరం వెళ్ళొచ్చారు, బావగారికి ప్రసాదం తెచ్చారు. ఆయన కళ్ళకద్దుకోలేదు, అది ఆయన అలవాటు కాదు. రెండు చేతులతో తీసుకుని, చాలా బాగుందండీ అంటూ తిన్నారు.

అప్పటినుంచి ఆయన మంచం పట్టేదాకా, వచ్చిన ప్రతి పెట్రోలు బండికీ ఆ సీట్లో నేనే కూర్చున్నాను. సొంతదారుకి ముందే చెప్పేవారు: "వినేది మా మరదలండీ, నేను నడుపుతానంతే. నమ్మకముంటేనే ఇవ్వండి." రిటైరైన లెక్చరర్ని గోడ వైపు తిరిగి వేలు సిద్ధంగా పెట్టుకుని కూర్చుంటే దారిన పోయేవాళ్ళు వింతగా చూసేవారు. నా ఉద్యోగం మొత్తంలో అంత శ్రద్ధగా ఏ పనీ చేయలేదు.

ఇంకా ఒక్కటి ఉంది. పోయిన నెల ఆసుపత్రిలో ఆయనకి ఆక్సిజన్ మాస్కు పెట్టారు. మాస్కు తాడు అడ్డమొస్తుందని చెవి మెషిన్ తీసేశారు. మధ్యాహ్నం, అక్క ఫ్లాస్కు పట్టుకుని టీకి వెళ్ళింది. ఇక ఆలస్యం చేయకూడదనిపించింది. మంచం పక్కన వంగి, "బావగారూ, ఆ రోజు వారధి మీద నేను చెప్పాల్సింది" అన్నాను.

"ఆఁ?"

కొంచెం గట్టిగా అన్నాను.

"ఏంటమ్మా? డాక్టరొచ్చాడా?"

"కాదు. ఆ రోజు నాకు వినపడింది, నేను చెప్పలేదు, తప్పు నాది" అని అరిచాను.  పక్క మంచం దగ్గర బత్తాయి వలుస్తున్నావిడ చేతిలో తొన అలాగే ఉండిపోయింది. అక్క గుమ్మంలో ఫ్లాస్కుతో నిలబడిపోయింది.

ఆయన నన్ను చూశారు. మాస్కు కొంచెం పైకెత్తారు. "ఆ రోజు ఇంత గట్టిగా అరిచుంటే పిస్టన్ దక్కేదమ్మా" అన్నారు. నవ్వబోతే దగ్గు వచ్చింది. నర్సు వచ్చి నన్ను కోప్పడింది.

క్షమించారో లేదో అడగలేదు. అడిగితే మళ్ళీ అరవాలి, ఆయన మళ్ళీ నవ్వాలి, ఆ ఊపిరి ఆయన దగ్గర లేదు. పైగా ఆ వార్డులో విన్నవాళ్ళెవరూ మనవాళ్ళు కారు. వినాల్సినవాళ్ళు ఈ పుస్తకం చదివే మీరు. మోషే గారి చెవి తప్పింది. తప్పిందేమోనని ఆయన అనుమానపడి వెనక సీట్లో ఉన్న మనిషిని చూపుతో అడిగారు. ఆ మనిషి చెప్పలేదు. గుడిలో ఆయన తన పాలు చెప్పి, నా పాలు నాకు వదిలేశారు.

మన ఊళ్ళో మంచి మెకానిక్కులు చాలామంది ఉన్నారు. ఇప్పుడు కార్లలో చెవి పని చేసే పరికరాలు వస్తున్నాయి, కొట్టుకోవడం మొదలైతే ఇంజన్ తనంతట తానే సర్దుకుంటుందట. మంచిదే. పని ఆగదు. కానీ తను చెప్పిన మాట తప్పని తేలగానే, ఎవరూ అడక్కముందే, టీకొట్టు దాకా నడిచి వెళ్ళి చెప్పే మనిషిని నా అరవై మూడేళ్ళలో ఒక్కరినే చూశాను. ఇంకొకర్ని వెతికే ఓపిక నాకు లేదు. బావగారూ, సెలవు.